రిలీఫ్ లారీకి కట్టిన ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ పన్నెండడుగుల ఫ్లెక్సీ గారి దివ్య సముఖమునకు,

విశాఖపట్నం కొండవాలు వీధుల వారు నమస్కరించి వ్రాయునది ఏమనగా, మొన్నటి వాయుగుండం వానకి మేమంతా క్షేమంగా మునిగాం. తమరు ఎంత తడిసినా రంగు వెలవలేదని తెలిసి సంతోషించాం.

ఇక నిన్నటి మధ్యాహ్నం సంగతి. అన్నం పొట్లాల లారీ టైముకే వచ్చింది. పంచే కుర్రాళ్లు ఉన్నారు, తినే జనం ఉన్నారు. తమరు లేరు. ప్రింటింగ్ షాపులో కరెంటు లేదట. తమరు వేంచేశాక సుత్లి తాడు లేదు. తాడు దొరికాక ముఖ్య అతిథి లేరు. "ఏటి బాబూ, ఆ గుడ్డ కడితే గానీ కూడెట్టరేటి?" అని ఓ ముసలమ్మ అడిగితే జవాబు చెప్పే నాథుడు లేడు. వేడన్నం ఆరబెట్టకుండా కవర్లో కట్టేస్తే ఆవిరి లోపలే నీరవుతుంది. చింతపండు పుణ్యమా అని పులిహోర కాసేపు ఆగుతుంది గానీ సాంబారన్నం ఆగదు. ఫొటో దిగే వేళకి అది తీగలు సాగుతోంది. ఫొటోలో వాసన పడదు కనుక కార్యక్రమం విజయవంతమైంది.

తమరింకా బతికుండటమే విశేషం. 2022 ఆగస్టులో, ఈ ఊళ్లోనే, బీచ్‌లో ప్లాస్టిక్ చెత్త ఏరించిన రోజునే, అప్పటి ముఖ్యమంత్రి తమర్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించారు. గాలివానకి చెట్లు పడతాయి, స్తంభాలు పడతాయి. తమరు నిషేధానికే పడలేదు.

దాతల లారీకి తమరు వేలాడితే మాకు పెద్ద పట్టింపు లేదు. ఇచ్చి తీరాలని వాళ్ల నెత్తిన ఏ చట్టమూ కూర్చోలేదు. ఇచ్చారు, పేరేసుకున్నారు, పోనీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక కరెంటు లేక, మోటార్లు తిరగక ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని రోడ్డున పడ్డప్పుడు, అడక్కుండా నీళ్లు తెచ్చిపోసిన వాళ్లని ఎవరం మర్చిపోలేదు. వాళ్ల లారీతో వచ్చిన చిక్కల్లా అది మెయిన్ రోడ్డు దిగదు. రోడ్డు పక్క ఇళ్లకి మూడు పూటలా బిస్కెట్లే. పైన మెట్లదారి ఇళ్లకి ఖాళీ అట్టపెట్టె కూడా రాదు. పదో రోజుకి లారీలే కనపడవు. బురద ఎత్తడం, స్టవ్ కొనుక్కోవడం, పైకప్పు వేసుకోవడం అప్పుడే మొదలవుతాయి. పాత బట్టల మూటల్లో వచ్చే బొత్తాల్లేని ప్యాంట్ల గురించి వేరే ఉత్తరం రాయాలి.

కానీ సర్కారు లారీకి కూడా తమరేనా?

విపత్తు నిర్వహణ చట్టం 2005లో 12వ సెక్షను ఉంది. తలదాచుకునే చోటు, తిండి, మంచినీళ్లు, వైద్యం, పారిశుద్ధ్యం, వీటికి కనీస ప్రమాణాలు ఉండాలంటుంది. మన రాష్ట్ర విపత్తు నిధిలో ప్రతి వంద రూపాయలకీ కేంద్రం 75, రాష్ట్రం 25 వేస్తాయి. రెండు జేబుల్లోనూ ఉన్నది మా పన్నే. మా డబ్బుతో మాకు రావాల్సిన బియ్యం మాకిస్తూ పైన ఎవరో నవ్వుతూ దండం పెట్టడం ఏమిటి? నువ్వు కట్టిన చోటల్లా హక్కు కాస్తా దానమైపోతోంది. తీసుకునేవాడు తల వంచుకోవాల్సి వస్తోంది. సిగ్గుండక్కర్లేదూ?

నిజంగా అచ్చేయించాలని ఉంటే ఇవి వేయించు. 2022-26కి కేంద్రం పెట్టిన సాయం రేట్లు, రూపాయల్లో: గుడిసె పోతే 8,000. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500, అదీ కనీసం 15 శాతం పాడైందని తేలితే. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు మించి నీళ్లలో నానినా బట్టలకి 2,500, సామానుకి 2,500. పడవ పూర్తిగా పోతే 15,000, వల పోతే 4,000. రాష్ట్రం తన పక్కనుంచి ఇంకా కలపొచ్చు. జాలరిపేటలో ఎంతమందికి ఈ అంకెలు తెలుసు? నీ మీద కాక ఇంకెక్కడ వేస్తారు అవి?

సర్కారుని వంట చేయమని ఎవరూ అడగట్లేదు. వంట దాతలు బాగానే చేస్తారు. వార్డు సచివాలయంలో ఒక రిజిస్టర్ తెరిచి, ఏ మెట్లదారిలో ఎన్ని ఇళ్లు, ఎవరికి ఏం అందింది, ఏ తేదీన అని రాసుకుని, వచ్చిన ప్రతి లారీనీ ఆపి "కింద సరిపోయింది, పొట్లాలు బుట్టల్లో పెట్టి పైకి మోయించండి" అని చెప్పే మనిషి ఒకడు కావాలి. ఆ పని దాత చేయలేడు. లెక్క రాసే అధికారం అతనికి లేదు, ఊరి పటం అతని దగ్గర లేదు. సర్కారు చేయాల్సిన ఆ ఒక్క పనీ వదిలేసి పొట్లాల పంపకంలో దాతతో పోటీకి దిగుతుంది.  

ఇంత తిట్టాక నిజం కూడా చెప్పాలి. నాలుగో రోజున నిన్ను విప్పుకుపోయేది మేమే. టార్పాలిన్ ఎప్పుడొస్తుందో తెలీదు, నువ్వైతే కళ్లముందే ఉంటావు. తెల్లవైపు పైకి పెట్టి, సరుగుడు కర్రల మీద పరిచి, అంచున ఇటుకలు పెడతాం. బొమ్మవైపు లోపలికి వస్తుంది. రాత్రంతా నాయకులు మా పిల్లల్ని చూసి నవ్వుతూనే ఉంటారు. అంతా బాగానే ఉంది గానీ, గాలికి చిరిగిపోకూడదని లారీవాళ్లు నీకు అర్ధచంద్రాకారంలో కోతలు పెడతారు చూడు, సరిగ్గా అక్కడే కారుతోంది. పైగా ఒక్క వేసవి ఎండకే పెళుసెక్కిపోతావు.

కాబట్టి ఈసారి ప్రింటింగ్ షాపుకి వెళ్లినప్పుడు మా మాటగా చెప్పు. కోతలొద్దు. అంచు రెండు మడతలు వేసి అతికించాలి. రెండడుగులకో రింగు. సైజు పన్నెండు బై పద్దెనిమిది. బొమ్మలు ఎన్నైనా వేసుకోమను.

ఇట్లు,
పై మెట్లదారి వాళ్లు