పోటీ తీసేసి పీట వేద్దాం

ఉగాదికీ సంక్రాంతికీ ఒడిశాలోని మన తెలుగు సంఘాలు వేసే కార్యక్రమాల పట్టికలో ఒక వరుస ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చుంది: ‘చిత్రలేఖనం పోటీ, 3 నుంచి 5 ఏళ్ళు’. బరంపురమైనా పర్లాకిమిడైనా, గుణుపురమైనా జయపురమైనా తంతు ఒకటే. అచ్చువేసిన చిలక బొమ్మ, పన్నెండు రంగుల డబ్బా, అరగంట గడువు. పది నిమిషాలు గడిచేసరికి రంగు చిలక ముక్కు దాటి బయటికి పోతుంది. వెనకాల కూర్చున్న తల్లి చెయ్యి పిల్ల చేతి మీదికి వస్తుంది. ఆ పైన బహుమతి ఎవరికిచ్చినా ఆ తల్లికిచ్చినట్టే. ఆ వరుస కొట్టేయాలని నా అభిప్రాయం.

అసలు ఆ వయసు చెయ్యి ఏం చేయగలదు? ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్ల క్రేయాన్‌ని గుప్పిట్లో బిగించి, భుజం దగ్గర్నుంచి చెయ్యంతా ఊపుతూ గీకుతుంది. మూడేళ్ళ ప్రాంతంలో గీతని మొదలుపెట్టిన చోటికే తిప్పి తెచ్చి కలపగలుగుతుంది. అదే మొదటి సున్న. ఇంకొన్నాళ్ళకి ఆ సున్నకి రెండు కళ్ళు పడతాయి, కింద నుంచి రెండు కాళ్ళు దిగుతాయి. మెడా పొట్టా లేని ఆ మనిషిని చూసి “పొట్టేదిరా?” అని మనం దిద్దబోతాం. దిద్దక్కర్లేదు, పొట్ట దానంతటదే వస్తుంది. ఐదు దాటాక కాగితం అడుగున నేల, పైన ఆకాశం ఏర్పడతాయి. గీత దాటకుండా రంగు నింపడానికి కావలసిన మణికట్టు, వేళ్ళ అదుపు చాలామందికి ఐదారేళ్ళకి గానీ కుదరవు. కాబట్టి మన పోటీ కొలుస్తున్నది ఊహని కాదు, ఎవరి మణికట్టు ఆరు నెలలు ముందు గట్టిపడిందన్నదాన్ని. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ దశని వేరు చేసి, ఆటలతోనే చదువు సాగాలని చెప్పింది. బడిలో అది ఎంతవరకు జరుగుతోందన్నది వేరే గొడవ. మన పందిట్లో జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇరవై మంది పిల్లలకి నాలుగు చాపలు పరచండి. చాపకి ఐదుగురు పిల్లలు, ఒక పెద్దమనిషి. ఎత్తు బల్లలు వద్దు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే చేతికి పట్టు దొరకదు, నేల మీద పీటే మేలు. మొదటి చాప బొమ్మలు గీయడానికి. కాగితం పెద్దది కావాలి, పాత గోడ క్యాలెండరు వెనకవైపు చక్కగా సరిపోతుంది. నాలుగు మూలలా టేపు అంటించండి. లేకపోతే ఒక చెయ్యి గీస్తుంటే కాగితం జరుగుతుంది, రెండో చెయ్యి అదిమి పట్టాలని ఆ వయసుకి తోచదు. ఓ రెండు నిమిషాలు చూసి పిల్ల లేచిపోతుంది, దానికి ఆసక్తి లేదని మనం తీర్మానిస్తాం. క్రేయాన్లకి చుట్టిన కాగితం ఒలిచేసి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి పెట్టండి. పొడుగు క్రేయాన్‌ని గుప్పిట్లో పట్టే పిల్లే చిన్న ముక్కని మూడు వేళ్ళ మధ్య పట్టుకుంటుంది, ఎవరూ చెప్పకుండానే. రంగులు మొదట రెండే చాలు. డబ్బా మొత్తం ముందు పెడితే ఏరడంతోనే పొద్దుపోతుంది.

రెండో చాప మీద పిండి. గ్లాసు మైదాకి అర గ్లాసు ఉప్పు, గ్లాసు నీళ్ళు, చెంచాడు నూనె, అర నిమ్మచెక్క రసం. మెత్తటి ఉప్పే వాడి, నీళ్ళలో కరిగినంత కరిగాక మైదా కలపాలి. రాళ్ళుప్పు పలుకులు మిగిలిపోతే గోళ్ళ పక్కన గీరుకున్న చోట మండి పిల్లలు చెయ్యి వెనక్కి లాగేసుకుంటారు. అడుగు మందంగా ఉన్న మూకుట్లో సన్నసెగ మీద తిప్పుతుంటే నాలుగైదు నిమిషాల్లో అంచులు వదిలి ముద్దవుతుంది. తొందరపడి దించితే అరచేతికి అంటుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే పగుళ్ళిచ్చి రాలుతుంది, అప్పుడు చేతులు తడుపుకుని మళ్ళీ మర్దించాలి. గోరువెచ్చగా ఉండగానే ఐదు నిమిషాలు పిసకండి. ఇరవై మందికి కిలో మైదా, కిలో ఉప్పు తెస్తే ఇంకా మిగులుతుంది. అంతా ఒకేసారి వండకండి, గరిటె తిరగదు. మైదా బదులు బియ్యప్పిండి వాడదామంటే, అందులో సాగే జిగట ఉండదు, పాము చేద్దామని చుట్టబోతే తెగిపోతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఈ ముద్ద రెండు మూడు వారాలుంటుంది. అయితే సముద్రపు గాలి తగిలే బరంపురం, గోపాలపురంలో ఎండబెట్టిన ఉప్పు పిండి బొమ్మ వానాకాలంలో చెమరుస్తుంది, ఉప్పు గాల్లోని తడిని లాగుతుంది మరి. దాచుకునే బొమ్మలైతే బంకమట్టితోనే చేయించండి. మట్టిబొమ్మకి చెయ్యి ఊడిపోతోందంటే ఆరిన మొండేనికి తడి చెయ్యి అతికించారన్నమాట. రెండూ సమానంగా తడిగా ఉన్నప్పుడే పుల్లతో గీరి, పల్చటి మట్టినీళ్ళు రాసి అతకాలి.

ఈ చాప దగ్గర పెద్దవాళ్ళ పనల్లా తెలుగులో మాట్లాడటం. ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివే పిల్లకి ఒక పద్యం బట్టీ పట్టించి మైకు ముందు నిలబెట్టడం మనకి అలవాటు. పద్యం మంచిదే, కాదనను. కానీ ముద్ద చేతిలో ఉన్నప్పుడు దొరికే మాటలు ఆ నాలుగు పాదాల్లో దొరకవు: పిసుకు, నలుపు, చిదుము, గిల్లు, అదుము, తట్టు, ఒత్తు, సాగదీయి, మెలిపెట్టు. రంగు దగ్గరికొస్తే అద్దడం వేరు, పూయడం వేరు, పులమడం వేరు, అలకడం వేరు. చేత్తో చేసిన పిల్లకి ఆ తేడా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. రంగుల పేర్లు కూడా అంతే. గ్రీన్ అని ఊరుకోకుండా చిలకాకుపచ్చ, లేతపచ్చ, ముదురుపచ్చ అనండి. వంకాయ రంగు, ఇటుక రంగు, గంధం రంగు, నెమలికంఠం అనండి. “ఇదేటి?” అని మాత్రం అడగొద్దు. మూడేళ్ళ గీత చాలాసార్లు ఏదీ కాదు, అడిగితే మన కోసం ఏదో ఒకటి చెబుతుంది. “ఇక్కడ గట్టిగా నొక్కావే”, “ఈ గీత ఎక్కణ్ణుంచి బయల్దేరింది?” అనండి, కబుర్లు వాటంతటవే వస్తాయి. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు. ఇంటి మాటకి అంత విలువ కట్టిన ఊరు మనది.

మూడో చాప మన సరిహద్దుకే ప్రత్యేకం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడి మన మీదుగా రాష్ట్రాల గీత పడింది గానీ, గడప ముందు గీతలకి ఆ హద్దు తెలీదు. మార్గశిరంలో లక్ష్మివారం నాడు మనం పొడిపిండితో ముగ్గు పెడతాం, పక్కింటి ఒడియావాళ్ళు తడిపిండితో ఝోటి వేసి లక్ష్మి పాదాలు దిద్దుతారు. చిన్నపిల్లలకి తడిపిండే తేలిక. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పొడి పట్టి సన్నటి ధారగా వదలడం ఆరేడేళ్ళకి గానీ పట్టుబడదు. మూడేళ్ళ పిల్లకి చుక్కలు పెట్టే పని ఇవ్వండి, చాలు.

గ్లాసు పచ్చిబియ్యం మూడు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. పాలమీగడంత చిక్కగా ఉండాలి. పల్చనైతే కారిపోతుంది, మరీ చిక్కనైతే ఆరాక పెళ్ళలుగా రాలుతుంది. అట్టముక్కకి జల్లించిన ఎర్రమట్టిని మైదా జిగురుతో కలిపి పూసి, ముందురోజే ఆరబెట్టుకోండి. ఇక్కడే ఒక చిక్కుంది. తడిగా ఉన్నప్పుడు బియ్యప్పిండి గీత దాదాపు కనబడదు, ఆరుతున్న కొద్దీ తెల్లబడుతుంది. పిల్ల వేలు ముంచి గీస్తుంది, గీత కనబడక మళ్ళీ గీస్తుంది, మళ్ళీ ముంచుతుంది, చివరికి అంతా ఒకే బురద. ఒక చిన్న అట్టముక్క మీద ముందే గీసి ఆరబెట్టి చూపించండి. “కాసేపు ఆగు, గీత పైకొస్తుంది” అని చెప్పండి. రెండు మూడు నిమిషాలకి ఎర్రటి అట్ట మీద తెల్లటి వేలిముద్రలు ఒక్కొక్కటే తేలుతుంటే, కుదురుగా ఉండదని పేరుపడ్డ గుంట కూడా కదలకుండా చూస్తుంది. వేపపుల్ల కొస నలిపితే కుంచె తయారు.

గజపతి, రాయగడ జిల్లాల సవరల ఇళ్ళలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడిటాల్ ఈ సరంజామాతోనే పుట్టింది. బయటి అంచు ముందు గీసి, లోపలికి నింపుకుంటూ పోతారు. ఆ పద్ధతి పిల్లలకి చూపించవచ్చు. ఆ బొమ్మలని మాత్రం నకలు చేయించొద్దు, అది వాళ్ళకి అలంకారం కాదు, పూజ.

నాలుగో చాపకి పసుపు. నీళ్ళలో కలిపి కాగితమంతా పూసి ఆరబెట్టండి. వంటసోడా కలిపిన నీళ్ళలో కుంచె ముంచి గీస్తే ఎర్రగీత పడుతుంది. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడటం ప్రతి ఇంట్లోనూ చూసిందే. పారాణిలో వేసే సున్నం మాత్రం ఇక్కడ వద్దు, కంట్లో పడితే ప్రమాదం. శంఖపుష్పాలు వేడినీళ్ళలో నానబెడితే నీలం వస్తుంది, నిమ్మచుక్క పడగానే వంకాయ రంగుకి తిరుగుతుంది. హోలీ రంగులు, విగ్రహాలకి వేసే రంగులు ఈ చాప దరిదాపులకి రానివ్వొద్దు. జిగురు చెడకుండా పుస్తకాలు కట్టేవాళ్ళు వేసే మైలతుత్తం కూడా విషమే. ఏ రోజు జిగురు ఆ రోజు కాచుకోండి.

గురివింద గింజలు ఎంత ముద్దొచ్చినా తేవద్దు. పెంకు పగిలి నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. చింతపిక్కలు, గవ్వలు, స్కెచ్‌పెన్ మూతలు మూడేళ్ళ లోపువాళ్ళకి అందనివ్వకండి. సుమారు 32 మిల్లీమీటర్ల గొట్టంలో ఇమిడేది ఏదైనా గొంతులో ఇరుక్కునేదేనని లెక్క. కొన్న బొమ్మలైతే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

నలభై నిమిషాలు చాలు. గీసినవన్నీ తాడుకి క్లిప్పులు పెట్టి, పిల్లల కంటి ఎత్తున, మూడడుగుల లోపే కట్టండి. పేరు వెనకవైపు రాయండి, ముందువైపు రాస్తే పెద్దల చూపు బొమ్మ మీద కాక పేరు మీద పడుతుంది. మిగిలిన బియ్యప్పిండి తూములో పారబోస్తే గట్టిపడి పూడుకుపోతుంది, మొక్కల మొదట్లో పోయండి. ఉప్పు ముద్ద మాత్రం మొక్కలకీ వద్దు, కుక్కలకి అందేచోటా వద్దు.

కమిటీవారు షీల్డులకి ఆర్డరు ఇచ్చే ముందు ఈ పద్దు కూడా రాసుకుంటారని ఆశ: మైదా కిలో, ఉప్పు కిలో, బియ్యం రెండు కిలోలు, పసుపు పావు కిలో, టేపు చుట్టలు నాలుగు, రెండు బకెట్లు, పాత తువ్వాళ్ళు ఎనిమిది. క్యాలెండర్లు ఎవరింట్లో వాళ్ళు వెతికితే దొరుకుతాయి.