కొత్త టీవీ అక్కర్లేదు, యాంటెన్నా సంగతి చూడండి

పాత పద్ధతి టీవీ ప్రసారాలు (అనలాగ్) ఆపేసి డిజిటల్‌కి మారుస్తున్నారంటే, ఆలోపు అందరూ కొత్త టీవీ కొనుక్కోవాలన్నట్టు రాస్తుంటారు కొందరు. అంత టెన్షన్ అక్కర్లేదండీ. పాత టీవీకీ యాంటెన్నాకీ మధ్య ఒక కన్వర్టర్ బాక్స్ (డిజిటల్ సిగ్నల్‌ని పాత టీవీ చూపించగలిగేలా మార్చే పెట్టె) పెడితే చాలు. కేబుల్, డిష్ ఉన్నవాళ్లకి సాధారణంగా ఆ పని కూడా ఉండదు.

అసలు చెప్పాల్సింది యాంటెన్నా గురించి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడతాయి, బొమ్మకి నీడలు వస్తాయి, అయినా ఎలాగోలా చూసేస్తాం. డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు. వస్తే శుభ్రంగా వస్తుంది, సిగ్నల్ ఒక హద్దు కిందికి పడిందంటే గళ్లుగళ్లుగా విరిగిపోయి మాయమవుతుంది. బాక్స్ పాడైందనుకుని కంగారు పడొద్దు. ముందు యాంటెన్నా దిశ మార్చి, ఛానెళ్లు మళ్లీ స్కాన్ చేయండి.

అమెరికాలో ఇలా మారినప్పుడు ఈ బాక్స్ కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇంటికి రెండేసి వరకు 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. వాటికి 90 రోజులే గడువు. ఆ నిధులు చాలక 2009 జనవరిలో వెయిటింగ్ లిస్ట్ పెట్టారు, అనలాగ్ ప్రసారాలు ఆపే తేదీ ఫిబ్రవరి 17 నుంచి జూన్ 12కి వాయిదా పడింది. అందుకే బాక్స్ ముందే తెచ్చుకుని, అనలాగ్ ఇంకా వస్తుండగానే బిగించి చూసుకోవడం మేలు. పెద్దవాళ్లకి బాక్స్‌తో వచ్చే ఆ రెండో రిమోట్ అలవాటు కావడానికే వారం పడుతుంది (మా నాన్నగారికైతే రెండు).