రాజుగారి తుంటి ఎముక

చచ్చిన రాజుకి శత్రువుల వల్ల ప్రమాదం లేదు, అభిమానుల వల్లే ఉంది. నమ్మకం లేకపోతే ఇంగ్లండ్‌లోని వించెస్టర్ చరిత్ర చూడండి.

వైకింగుల్ని 878లో ఎడింగ్టన్ దగ్గర ఓడించి, తర్వాత 'ది గ్రేట్' అనిపించుకున్న ఆల్ఫ్రెడ్ రాజు 899లో పోయాడు. ఓల్డ్ మిన్‌స్టర్ అనే చర్చిలో పాతిపెట్టారు. తర్వాత పక్కనే న్యూ మిన్‌స్టర్ అనే కొత్త చర్చి కట్టి అందులోకి మార్చారు. 1110లో సన్యాసులు ఊరి బయట హైడ్ ఆబీ అనే మఠానికి మకాం మారుస్తూ, సామానుతో పాటు ఆయన్నీ పట్టుకుపోయారు. పైరవీ చేతకాని గుమస్తాకి కూడా పోయాక ఇన్ని బదిలీలుండవు.

ఎనిమిదో హెన్రీ రాజు హయాంలో ఆబీ కూలింది. 1788లో అక్కడ జైలు కట్టాలనుకుని, నేల తవ్వే పని ఖైదీలకే అప్పగించారు. శవపేటికల సీసం అమ్ముడుపోయింది, ఎముకలు చెల్లాచెదురయ్యాయి. ఖైదీల్ని తిట్టడం అన్యాయం. సీసానికి మార్కెట్ రేటుంది, రాజు ఎముకకి అప్పటికి లేదు.

ఆ లోటు 1866లో ఒక చరిత్రాభిమాని తీర్చాడు. కొన్ని ఎముకలు తవ్వి తీసి, ఇవే రాజువన్నాడు. సెయింట్ బార్తలోమ్యూ చర్చి ఆవరణలో, పేరు చెక్కని సమాధిలో పెట్టారు. 2012లో లెస్టర్ కార్ పార్కింగ్ కింద మూడో రిచర్డ్ రాజు ఎముకలు దొరికేసరికి వించెస్టర్‌కి టెన్షన్ పట్టుకుంది. దొంగలు పడతారేమోనని మరుసటేడు ఆ సమాధీ తవ్వారు. పరీక్షిస్తే అవి 1100 తర్వాతి మనుషులవని తేలింది. ఇన్నేళ్లూ రాజమర్యాదలు అందుకున్న ఆ అనామకులకి మన హృదయపూర్వక అభినందనలు.

అసలు సరుకు అప్పటికి మ్యూజియం అట్టపెట్టెలో పడుంది. 1999లో హైడ్ ఆబీ స్థలంలో తవ్వకాల్లో దొరికిన చిన్న తుంటి ఎముక ముక్క, కాలం 895-1017 మధ్య. ఆల్ఫ్రెడ్‌ది కావచ్చు, కొడుకు ఎడ్వర్డ్‌ది కావచ్చు అని 2014లో పండితులు సెలవిచ్చారు. తండ్రీకొడుకుల మధ్య పొలం గట్టు తగాదాలు చూశాం గానీ తుంటి తగాదా ఇదే మొదలు.

ఈ ఎడ్వర్డ్ కూతురే జర్మనీలో మాగ్డెబర్గ్ కెథడ్రల్ అనే పెద్ద చర్చిలో సమాధి అయిన ఈడ్‌గిత్ రాణి. అక్కడి ఎముకలు ఆమెవేనని 2010లో తేల్చడానికి పళ్లు పనికొచ్చాయి. తుంటి మీద కొడితే పళ్లు రాలాయంటారు. ఈ వంశంలో తుంటి ఒక దేశంలో, పళ్లు మరో దేశంలో!

కాబట్టి మా డిమాండ్ ఒక్కటే. ఆ ముక్కకి వెంటనే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరపాలి. ఫలకం మీద 'ఆల్ఫ్రెడ్, లేదా ఎడ్వర్డ్, లేదా ఇంకెవరైనా' అని చెక్కాలి. గౌరవ వందనంగా ఎన్ని తుపాకులు పేల్చాలన్నదే తేలాలి: మనిషి లెక్కనా, ముక్క లెక్కనా?