మహారాజశ్రీ ఊలు స్వెట్టరు గారికి

మహారాజశ్రీ మీగడ రంగు ఊలు స్వెట్టరు గారి దివ్యసముఖమునకు, చెన్నై పెరంబూరు నుంచి తమ పాత బాధితుడు వ్రాసుకునే లేఖ. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం చెమట తుడుచుకుంటూ క్షేమంగా ఉన్నాం. ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య తమరు నలభై ఏళ్ళుగా క్షేమంగానే ఉన్నారు. ఆ సంగతి పెట్టె తెరిచినప్పుడల్లా ఇల్లంతటికీ తెలుస్తూనే ఉంటుంది.

1984 డిసెంబరు తమకు గుర్తుండే ఉంటుంది. నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు క్రిస్మస్ తాతను నేను కోరింది ఒకటే: మూర్ మార్కెట్‌లో చూసి వచ్చిన కీ ఇచ్చే రేకు రైలు. ఎర్ర ఇంజను, వెనక మూడు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. కొట్టువాడు అరవై చెప్పాడు, నాన్న ఇరవైకి అడిగాడు. అక్కడ అదే మర్యాద. చెప్పిన ధరలో సగం ఇస్తామన్నవాడిని వాళ్ళే జాలిగా చూసేవారు. బేరం ముప్పై అయిదు దగ్గర ఆగిపోయింది. ‘పండగకు చూద్దాం’ అన్నాడు నాన్న. ఆయన కోచ్ ఫ్యాక్టరీలో, పెట్టెల ఉక్కు గూడు తయారయ్యే షెల్ విభాగంలో వెల్డరు. దేశమంతటికీ రైలు పెట్టెలు అతికించి పంపే మనిషి కొడుక్కి మూడు పెట్టెలు కరువవుతాయా అని నేను ధీమాగా ఉన్నాను.

దిగింది తమరు. ఢిల్లీ నుంచి, గుడ్డ పార్సిలులో, లక్క ముద్రలతో.

మా బాబాయి సైన్యంలో ఉండేవాడు. పిన్ని ఆ చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నా రెండు నెలలు కూర్చుని తమరిని అల్లిందట. నా కొలతలు తెలియవు కాబట్టి బాబాయి కొలతలకే అల్లింది. ‘ఎదిగే పిల్లవాడు, కొంచెం వదులుగా ఉంటేనే మంచిది’ అని చీటీ కూడా పెట్టింది. కొంచెం! తమ అంచు నా మోకాళ్ళను తాకింది. తమ చేతులు నా చేతులను దాటి జానెడు వేలాడాయి. క్రిస్మస్ తాతకు ఏటా ఉన్ని కోటు తొడుగుతారు కదా, ఆ కోటు ఎవరికైనా అంటగట్టి వదిలించుకోవాలని ఆయన చూస్తున్నాడేమోనని అప్పుడే అనుమానం వచ్చింది.

తమది కూడా తప్పని ఎలా అంటాను? ఊరి సంగతి తమకెవరూ చెప్పి ఉండరు. మద్రాసులో డిసెంబరు అంటే వాన. ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే కురుస్తుంది. చలి మాత్రం ఊరి పొలిమేరలోనే ఆగిపోతుంది. తెల్లవారుజామున కూడా 22 డిగ్రీల దగ్గర తచ్చాడుతుందే తప్ప లోపలికి రాదు. గొడుగు పంపినా, రబ్బరు బూట్లు పంపినా అర్థం ఉండేది. అయితే ఈ ఊళ్ళో 13.9 డిగ్రీలు నమోదైన రోజూ ఒకటుంది, 1895 డిసెంబరు 11. ఆనాడు దిగి ఉంటే తమకు మేళతాళాలతో స్వాగతం పలికేవారు. 89 ఏళ్ళు ఆలస్యంగా వచ్చారు. రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడిని, ఆలస్యాలు నాకు కొత్తకాదు కానీ, ఇది మరీ ఎక్కువ.

పండగకు ముందురోజు, 24న, లోక్‌సభకూ శాసనసభకూ కలిపి పోలింగు జరిగింది. క్రిస్మస్ ఆరాధనలో చేతులు జోడించిన పెద్దలందరి వేళ్ళకూ సిరా మరకలే. ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. అమెరికా ఆసుపత్రిలో ఉన్నారు. గుడి బయట అందరూ ఆయన ఆరోగ్యం గురించే దిగులుపడుతున్నారు. రెండు గజాల దూరంలో ఉడికిపోతున్న నా ఆరోగ్యం ఎవరికీ పట్టలేదు. దర్జీ చుట్టూ నాలుగుసార్లు తిరిగి కుట్టించుకున్న కొత్త చొక్కా తమ కింద సమాధి అయింది. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను తాగి కూడా తడి తెలియనివ్వదట. అది ఉన్ని గొప్పతనమే, కాదనను. ఆ తేమంతా నాది.

ఇంతవరకు క్షమించగలను. సాయంత్రం జరిగినదాన్ని మాత్రం క్షమించలేను.

సండే స్కూలు నాటకంలో నేను తూర్పు దేశపు జ్ఞానులలో మూడోవాణ్ణి. బోళము తెచ్చేవాణ్ణి. బంగారు కాగితం కిరీటం, అమ్మ పట్టుచీర అంగీ, చేతిలో పౌడరు డబ్బా, అన్నీ సిద్ధం. మా టీచరమ్మ తమరిని చూసింది. తమ మీగడ రంగు చూసింది, బొచ్చు చూసింది, నాలుగు కాళ్ళకు సరిపడే పొడుగు చూసింది. కాపరులు ముగ్గురున్నారు, గొర్రె ఒక్కటీ లేదని అప్పుడే ఆవిడకు తట్టింది. అయిదు నిమిషాల్లో నా కిరీటం పక్కింటి పిల్లవాడి నెత్తికెక్కింది, నేను మోకాళ్ళ మీదికి దిగాను. దేవుని కుమారుడికే పొత్తిగుడ్డలు సరిపోయిన చోట నాకింత ఉన్ని ఎందుకు అని అడగాలనుకున్నాను. గొర్రెకు మాటలు లేవన్నారు. ఒక్కసారి ‘మే’ అనాలి, అంతే. ఉక్క భరించలేక నేను దేవదూత ప్రసంగం మధ్యలోనే అనేశాను. మందిరమంతా నవ్వింది. ఆ నాటకంలో చప్పట్లు కొట్టించుకున్నది నేనొక్కణ్ణే అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మర్నాడు ఫోటో స్టూడియో. పిన్నికి సాక్ష్యం పంపాలి కదా. వెనక తెర మీద కాశ్మీరు కొండలు, మంచు, ఒక పడవ. తమరికీ పరిసరాలకూ పొత్తు కుదిరింది జీవితంలో ఆ ఒక్క చోటే, అది కూడా రంగులు వేసిన గుడ్డ. ఫోటోలో నా ముఖం మీద మెరుస్తున్నది సంతోషమని పిన్ని ఇన్నేళ్ళుగా నమ్ముతోంది.

ఫోటో చాలదన్నట్టు 1985 మే నెలలో సెలవులకు ఆవిడే వచ్చింది. కర్తరి ఎండలు, తారు రోడ్డుకు చెప్పులు అతుక్కుంటున్నాయి. ‘అక్కా, స్వెట్టరు వాడికి నచ్చిందా?’ అంది. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. నేను లేచి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాను. ఆ మధ్యాహ్నం సంగతి ఇంతకంటే వ్రాయను. వ్రాస్తే ఇప్పుడు కూడా కాగితం తడుస్తుంది.

అదే నెల 30న మూర్ మార్కెట్ తగలబడిపోయింది. 1900 నుంచి నిలబడ్డ ఎర్ర ఇటుకల కట్టడం, పాత పుస్తకాల కొట్లు, బొమ్మల కొట్లు, అన్నీ. నాన్న పేపరు చదివి మడిచి పక్కన పెట్టాడు. ముప్పై అయిదు దగ్గర ఆగిన బేరం గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఉన్ని తొందరగా అంటుకోదని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివాను. కాలినవి రైళ్ళు, మిగిలింది తమరు. ఆ స్థలంలో ఇప్పుడు సెంట్రల్ పక్కన లోకల్ రైళ్ళు ఆగే స్టేషను ఉంది. నేను బొమ్మ రైలు అడిగిన చోటు నుంచి అరక్కోణానికీ గుమ్మిడిపూండికీ నిజం రైళ్ళు బయలుదేరుతున్నాయి. ఒక్కదానికీ కీ ఇవ్వనివ్వరు.

ఇప్పుడు ఈ లేఖ ఎందుకంటే, గతవారం మా అమ్మాయి తమరిని పెట్టెలోంచి లేపుకుపోయింది. పాత మహాబలిపురం రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బయట 38 డిగ్రీలు, వాళ్ళ ఆఫీసులో పళ్ళు కటకటలాడే చలి. నెలనెలా జీతమిచ్చి మరీ వణికిస్తున్నారు. ఒక ఊరికి లేని చలికాలాన్ని కరెంటు బిల్లు కట్టి తెప్పించుకుంటారని, తమరు దాని కోసమే నలభై ఏళ్ళు కాచుకుని ఉన్నారని నాకేం తెలుసు? ‘ఇలా వదులుగా ఉండటమే ఇప్పటి పద్ధతి నాన్నా’ అని తమరిని భుజాన వేసుకుని ఎండలో బస్సెక్కింది.

సాయంత్రం ఫోటో తీసి ఢిల్లీ నానమ్మకు పంపింది. పిన్నికి ఎనభై దాటాయి. కళ్ళద్దాలు సవరించుకుని చూసి వెంటనే ఫోన్ చేసింది.

‘చేతులు కొంచెం పొడుగే. ఉండనీ, ఎదిగే పిల్ల.’

ఇట్లు,
మాజీ గొర్రె