తూకానికి అందని వింగర్

షేన్ విలియమ్స్ పేరెత్తితే చాలు, రగ్బీ అభిమానులు ఒకే కథ చెబుతారు. చిన్న మనిషి, గొప్ప పట్టుదల, చివరికి విజయం. నాకు ఆ కథ నచ్చదు. వేల్స్ తరఫున 87 టెస్టుల్లో (అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో) 58 ట్రైలు (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించి పాయింట్లు తేవడం) చేసిన ఆటగాణ్ని ఆ దేశం దాదాపు పోగొట్టుకుందన్న సంగతిని అది కప్పేస్తుంది.

2000లో జాతీయ జట్టులోకి వచ్చినప్పుడు అతని ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 80 కిలోల లోపో, ఆ చుట్టుపక్కలో. అప్పటికే న్యూజిలాండ్ వింగర్ (మైదానం అంచున ఆడే పరుగువీరుడు) జోనా లోము రెండు ప్రపంచకప్‌లు ఆడేశాడు. 196 సెంటీమీటర్ల ఆ మనిషి 1995 సెమీఫైనల్లో ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు చేశాక, వింగర్ అంటే అలాగే ఉండాలన్న నమ్మకం కోచ్‌ల బుర్రల్లో పాతుకుపోయింది. విలియమ్స్ మరీ చిన్నవాడన్నారు. దానికి గాయాలు తోడయ్యాయి. జట్టులో చోటు పోయింది.

2003 ప్రపంచకప్‌కి వెళ్లింది కూడా వింగర్‌గా కాదు, అవసరం పడితే మూడో స్క్రమ్‌హాఫ్‌గా (గుంపులోంచి బంతిని బయటికి అందించే ఆటగాడిగా) పనికొస్తాడని. సిడ్నీలో న్యూజిలాండ్‌తో మ్యాచ్‌కి కోచ్ స్టీవ్ హాన్సెన్ చాలామంది ముఖ్యులను పక్కన పెట్టడంతో అతనికి వింగ్‌లో ఆడే వీలు దొరికింది. వేల్స్ 37-53తో ఓడింది. కానీ ఆ రోజు అతను ఒక ట్రై చేశాడు, ఆల్ బ్లాక్స్‌ని (న్యూజిలాండ్ జట్టుని) పరుగులు పెట్టించాడు. ఆ తర్వాత అతన్ని పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ముఖ్యులు అందరూ ఆ మ్యాచ్ ఆడి ఉంటే? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు.

అతని పాత వీడియోలు పెట్టుకుని కాళ్లు మాత్రమే చూడండి. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర బంతి అందగానే ముందు వేగం తగ్గిస్తాడు. మీదికొచ్చే డిఫెండర్ కూడా అడుగు సర్దుకోక తప్పదు, ఆ క్షణంలో అతని బరువంతా ఒక కాలి మీద పడుతుంది. బరువు పడిన కాలు అటువైపు వెంటనే కదలదు. విలియమ్స్ సరిగ్గా అటే జారుకుంటాడు. పొట్టి కాళ్లు, నేలకు దగ్గరగా ఉన్న నడుము, రెండే రెండు చిన్న అడుగులు. లోము లాంటి శరీరంతో ఈ పని ఇంత ఇరుకులో కుదరదు. అంటే అతను చిన్నగా ఉన్నా గెలిచాడనడం తప్పు. చిన్నగా ఉండబట్టే ఆ ఆట ఆడగలిగాడు.

లోపాలు లేవని కాదు. ఎత్తుగా వచ్చే కిక్‌ల కింద పొడవాటివాళ్లతో పోటీపడటం అతనికి కష్టమే. కానీ లెక్క మొత్తంగా చూడాలి కదా. 2005లో కార్డిఫ్‌లో ఇంగ్లండ్‌ని 11-9తో ఓడించిన మ్యాచ్‌లో ఒకే ఒక్క ట్రై అతనిది. వేల్స్ 27 ఏళ్ల తర్వాత గ్రాండ్‌స్లామ్ కొట్టింది, అంటే యూరప్ ఆరు దేశాల సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలిచింది ఆ సీజన్‌లోనే. 2008లో మరో గ్రాండ్‌స్లామ్, సిక్స్ నేషన్స్‌లో ఆరు ట్రైలు, ఏడాది చివర ప్రపంచ ఉత్తమ ఆటగాడి అవార్డు.

అంత చేశాక కూడా 2009 లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టు) పర్యటనలో దక్షిణాఫ్రికాతో మొదటి రెండు టెస్టుల తొలి పదిహేను మందిలో అతను లేడు. ఫామ్ బాగాలేదన్నది నిజమే. సిరీస్ చేజారాక మూడో టెస్టుకి జొహానెస్‌బర్గ్‌లో దింపారు. రెండు ట్రైలు చేశాడు, లయన్స్ 28-9తో గెలిచారు.

2011 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాతో కార్డిఫ్‌లో ఆఖరి టెస్టు ఆడి, బంతిని చివరిసారి తాకినప్పుడు కూడా ట్రై చేశాడు. అప్పుడైనా అయిపోయిందనుకున్నాం. 2012 మే నెలలో డబ్లిన్‌లో క్లబ్ లీగ్ ప్రో12 ఫైనల్, ప్రత్యర్థి ఐర్లండ్ జట్టు లెన్‌స్టర్. విలియమ్స్ క్లబ్ ఓస్ప్రేస్ వెనకబడి ఉంది. ఆట ముగియబోతుండగా మూలన బంతితో లైన్ దాటింది 35 ఏళ్ల విలియమ్స్. సహచరుడు డాన్ బిగ్గర్ కొట్టిన కన్వర్షన్ (ట్రై తర్వాత దొరికే అదనపు కిక్) లోపలికి వెళ్లింది. స్కోరు 31-30.