బంగారు నిక్కరు దక్కని విజేతలు

2024 నవంబరు 30. అమెరికాలోని కొలంబస్‌లో లక్ష మందికి పైగా సొంత ప్రేక్షకుల ముందు ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 13-10 తేడాతో మిషిగన్ చేతిలో ఓడింది. ఒహాయో స్టేట్ దాదాపు 20 పాయింట్ల తేడాతో సునాయాసంగా గెలుస్తుందని పందేలు కట్టిన మ్యాచ్ అది. మిషిగన్ అప్పటికి ఆరు గెలిచి, ఐదు ఓడిన మామూలు జట్టు. పైగా ఆ ప్రత్యర్థి చేతిలో వరుసగా నాలుగో ఏడాది భంగపాటు. కోచ్ ర్యాన్ డేను సాగనంపాలన్న కేకలు ఊరంతా వినిపించాయి. సరిగ్గా 51 రోజులకు అదే కోచ్, అదే జట్టు అట్లాంటాలో నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ విజేతలయ్యారు.

ఏడాది ముందు వరకు ఇది జరిగే పని కాదు. 2014 నుంచి 2023 దాకా జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు నాలుగు జట్లే వెళ్లేవి. రెండు ఓటములున్న జట్టుకు ఒక్కసారి కూడా చోటు దొరకలేదు. మిషిగన్ కంటే ముందు అదే సీజన్‌లో ఆరెగాన్ చేతిలోనూ ఒక్క పాయింటుతో ఓడిన ఒహాయో స్టేట్ తుది ర్యాంకింగుల్లో ఆరోది. ప్లేఆఫ్‌ను 12 జట్లకు పెంచడం వల్లే బతికింది. దీంతో సీజన్ మ్యాచ్‌ల విలువ పడిపోయిందని కొందరి ఫిర్యాదు. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ పట్టికలో మూడో స్థానంలో నిలిచి ఐపీఎల్ కప్పు గెలిచినప్పుడు మనకు అలా అనిపించిందా?

నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. మిషిగన్ రక్షణ వరుసలో అత్యంత బలమైన చోటు మధ్య భాగం. ఒహాయో స్టేట్ మొండిగా అక్కడికే బంతితో పరుగెత్తి గోడకు తల బాదుకుంది. రెండో అర్ధభాగంలో ఒక్క పాయింటూ రాలేదు. అంచున జెరెమయా స్మిత్ లాంటి మెరుపు రిసీవర్‌ను (విసిరిన బంతిని అందుకునే ఆటగాడిని) ఉంచుకుని కూడా! తర్వాత ప్లేఆఫ్ తొలి మ్యాచ్‌లో టెనెసీపై మొదటి దాడిలోనే బంతి అతని చేతికి వెళ్లింది. ఆ మ్యాచ్ 42-17. నవంబరులో ఓడించిన మొండితనాన్ని డిసెంబరులో వదులుకున్నారు. రోజ్ బౌల్‌గా పిలిచే క్వార్టర్‌ఫైనల్లో అజేయ ఆరెగాన్‌పై ఒక దశలో 34-0 ఆధిక్యం! కోచ్ తన తప్పును తాను దిద్దుకోవడానికి మూడు వారాల గడువు దొరికింది, అంతే.

అలాగని దీన్ని అండలేని వాడు పైకొచ్చిన కథగా చెప్పడం హాస్యాస్పదం. ఈ జట్టు ఆటగాళ్లకు అందిన సొమ్ము దాదాపు 2 కోట్ల డాలర్లని యూనివర్సిటీ క్రీడా విభాగాధిపతే చెప్పారు. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ కాన్సాస్ స్టేట్ నుంచి, కేలబ్ డౌన్స్ అలబామా నుంచి, క్విన్‌షాన్ జడ్కిన్స్ ఓలె మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) నుంచి వచ్చినవారే.

జాక్ సాయర్ మాత్రం కొలంబస్ పక్క ఊరి కుర్రవాడు. మిషిగన్ ఆటగాళ్లు గెలిచి ఒహాయో స్టేట్ మైదానం నడుమ జెండా పాతబోతే ఆగ్రహంతో లాగేసింది అతనే. సెమీఫైనల్లో టెక్సస్ చేతి నుంచి బంతి రాలగొట్టి 83 గజాలు పరుగెత్తి మ్యాచ్ ముగించిందీ అతనే. మిషిగన్‌ను ఓడించిన ఒహాయో స్టేట్ ఆటగాళ్లకు 1934 నుంచి చిన్న బంగారు నిక్కరు బొమ్మను బహుమతిగా ఇస్తున్నారు. నాలుగేళ్లు ఆడిన సాయర్‌కు జాతీయ విజేత ఉంగరం దక్కింది. ఆ నిక్కరు ఒక్కటీ దక్కలేదు.