6,000 మీటర్ల లోతున కాటుకా?

చెన్నైలో కూర్చుని సముద్రపు హారర్ కథలు రాసే తెలుగు రచయితలకు ఒక విన్నపం. మీ మత్స్యకన్య మనుషుల్ని తింటే మాకేమీ అభ్యంతరం లేదు, ఆకలి ఎవరికైనా ఆకలే. 6,000 మీటర్ల అడుగున కాటుక చెదరకుండా, బారెడు జడ వీపున వేలాడేసుకుని ఎదురు రావడమే మింగుడు పడటం లేదు. నీళ్లలో జుట్టు వేలాడదు నాయనా, తేలుతుంది.

ముందు ఆవిడ చేపో తిమింగలమో తేల్చండి. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడుతుంది. మీ బొమ్మల్లో ఉన్నవన్నీ అడ్డతోకలే. అంటే ఊపిరికి పైకి రావాలి. సెకనుకు 2 మీటర్ల చొప్పున ఈదినా ఎక్కడానికి 50 నిమిషాలు, దిగడానికి మరో 50. హీరోను సగం నమిలి గాలి పీల్చుకోవడానికి వెళ్లిన రాక్షసి తిరిగొచ్చేసరికి మిగతా సగం రొయ్యజాతి పురుగుల పాలవుతుంది. కాదు, చేపే అంటారా? మొప్పలు పెట్టి పాట మానిపించండి. ఊపిరితిత్తులు లేని గొంతులో రాగం ఎక్కడిది? కొన్ని చేపలు పొట్టలోని గాలితిత్తిని అదిరించి గుర్రుమంటాయి, అంతే.

పాట ఉండి తీరాలంటే 'ఎడమవైపు నుంచి వినిపించింది' అన్న వాక్యం కొట్టేయండి. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. రెండు చెవులకూ దాదాపు ఒకేసారి అందుతుంది కనుక ఎటునుంచో మనిషి సరిగా పోల్చుకోలేడు. ఇంత భయం ఉచితంగా దొరుకుతుంటే కుడీ ఎడమా ఎందుకు?

నెత్తురూ అంతే. నీరు ముందుగా మింగేది ఎరుపునే. 30 మీటర్ల దగ్గరే గాయం ఆకుపచ్చగా, నల్లగా కనిపిస్తుంది. టార్చి వేస్తేనే ఎర్రబడుతుంది. ఆ టార్చిని రెండో పేజీలోనే వెలిగించేస్తారేమిటి?

చెన్నై పళ్లికరణైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు 6,000 మీటర్లకు ముగ్గురిని దింపాలని 2.1 మీటర్ల వ్యాసం ఉన్న టైటానియం గోళం పెట్టుకున్నారు. అక్కడ పీడనం ఒడ్డున ఉన్నదానికి 600 రెట్లు. మీ హీరో వీపున ఒక్క సిలిండరు తగిలించుకుని దిగుతాడు, పైగా ప్రేమలో పడతాడు.

ఇంకా చిత్రం, అతని మరపడవ మే నెలలో కాసిమేడు రేవు దాటుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మత్స్యకన్య కన్నా ముందే మత్స్యశాఖ పట్టుకుంటుంది.